మిట్ట మీద తెగిన గేరు వైరు

హాల్లో సైకిలు. వెనక చక్రం నేలకు జానెడు ఎత్తున ఉండేలా ఇనప స్టాండుకు బిగించి ఉంది. సీటు మీద భర్త. కింద చాప మీద, చేతిలో కొత్త గేరు వైరుతో భార్య. అలిగిన మనిషి ఎంత దూరం పోగలడో లెక్కపెట్టే మీటరొకటి హ్యాండిలుకు ఉంది.

"ముందు దిగండి. మీరు పైన కూర్చుంటే నేను వైరెలా మార్చేది?"

"దిగలేను. మిట్ట సగంలో ఉన్నా. బ్రేకు వదిలానంటే వెనక్కి జారిపోతా."

"చక్రం గాల్లో ఉందండీ!"

"మ్యాపులో మిట్ట ఉంది."

"ఏదీ, చూపించండి మ్యాపు."

"జేబులో ఉంది. ఇల్లు వదిలి పోయినవాడు ఎక్కడున్నాడో చెప్పుకుంటాడా?"

"ఇల్లు వదిలి పోయినవాడు రోజూ ఇదే ఇంట్లో స్నానం చేసి, ఆఫీసుకెళ్ళి, సాయంత్రం ఇక్కడికే వచ్చి, మళ్ళీ ఇల్లు వదిలి పోతాడా? ఇరవై రోజుల్నుంచి ఇదే వరస!"

"అది హాల్టు."

"సోఫా మీద పడుకోవడం?"

"లాడ్జి."

"బయట అంత రోడ్డుంటే..."

"మలుపులో కుక్కలున్నాయి. తెలిసి తెలిసి అడుగుతావేం?"

"సరే, గేరు లేకుండా తొక్కండి. తొక్కలేరా?"

"వైరు తెగితే గొలుసు పోయి చిన్న పళ్ళచక్రం మీద పడుతుందే. దాంతో మిట్ట ఎక్కితే మోకాళ్ళు ఊడి చేతికొస్తాయి."

"మరి ఆ దారిలో మెకానిక్కెవడూ దొరకలేదా, నన్ను పిలిచారు?"

"ఉన్నదానివి నువ్వొక్కదానివే. స్పేరు వైరు నేనిచ్చాగా, నీకేం కష్టం?"

"అదే మరి! స్పేరొకటి దాచుకున్నారని నాకేం తెలుసు!"

"ఏంటీ?"

"ఏం లేదు. ఫ్యాను మూడులో పెట్టాలా ఐదులో పెట్టాలా అన్నదానికి ఇల్లు వదిలిన మగాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా."

"ఫ్యాను గురించి కాదు. 'మిమ్మల్నెవరడిగారు' అన్నావు. మీ అక్క ముందు. అది గుచ్చుకుంది నాకు."

"ఈ వైరు ఏ చివర ముందు పోవాలి?"

"మాట మార్చకు."

"ఏ చివరండీ?"

"గుండు లేని చివర. గుండేమో గేరు లీవరు దగ్గర ఆగాలి, రెండో చివర గొట్టంలోంచి వెనక చక్రం దాకా పోవాలి. ముందు లీవరు ఆఖరి గేరుకి తిప్పు."

"తిప్పా. ఆ, వస్తోంది, వస్తోంది... వచ్చేసింది. పొడుగెక్కువుంది, కోసెయ్యనా?"

"ఆగాగు! బిగించాక కొయ్యాలి. ముందే కోస్తే పోగులు విచ్చుకుంటాయి."

"అంత దూరాన్నుంచి కూడా నా మాట బాగానే వినిపిస్తోందే మీకు!"

"కొండల్లో గొంతు చాలా దూరం వినిపిస్తుంది. ఆ పాత వైరు ఇటివ్వు."

"ఎందుకూ? చెత్తలో పారేస్తా."

"ఇవ్వవే... ఇదేంటిది? ఇది తెగింది కాదే."

"తెగిందండీ. పాతబడింది కదా."

"తెగితే ఒక్కో పోగూ ఒక్కోచోట తెగి, చివర చీపురులా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. కోసినట్టుంది."

"ఎలకేమో."

"ఉక్కు వైరునా?"

"పెద్ద ఎలక."

"ఏమే!"

"కిందకి చూడకండి, మిట్ట మీదున్నారు. కళ్ళు తిరుగుతాయి."

"ఏమే, నిజం చెప్పు."

"ఆ, నేనే! నేనే కోశా! ఇందాక మీరు టీకి దిగినప్పుడు, కటింగ్ ప్లయరుతో."

"ఎందుకు?"

"ఎందుకేంటండీ? రోజూ దుమ్ము తుడుస్తూ ఆ మీటరు చూస్తున్నా. వందైంది, ఊరుకున్నా. రెండొందలైంది, గుండె జారింది. ఇవాళ చూస్తే రెండొందల ఎనభై ఒకటి! మళ్ళీ అంతా వెనక్కి తొక్కితేగానీ మీరు రారు. మీ మొండితనం నాకు తెలీదా? ఇంకా దూరం పోతే ఇక ఎప్పటికొస్తారు?"

"కోసినదానివి మళ్ళీ ఎందుకు మారుస్తున్నావ్?"

"రెండు గంటల్నుంచి బ్రేకు పట్టుకుని వేలాడుతున్నారు, అన్నం కూడా తినకుండా. నాకేం జాలుండదా? అక్క ముందు ఆ మాట అనకూడదు. తప్పే. నోరు జారింది. ఇరవై రోజుల్నుంచి చెబుదామనే ఉంది, మీరేమో 'దూరంగా ఉన్నా, వినపడదు' అంటారు... నవ్వుతున్నారా?"

"నవ్వట్లేదే."

"మీ భుజాలు కదులుతున్నాయి!"

"పది రోజుల కిందట ఈ సైకిలు మొహం వీధి తలుపు వైపు నుంచి వంటింటి వైపుకి తిప్పి పెట్టానా? ఎందుకో ఒక్కసారైనా అడిగావా? నూట నలభై రెండో కిలోమీటరు దగ్గర నీమీద బెంగ పుట్టి, వెనక్కి తిరిగేశానే పిచ్చిదానా. తొందరగా బిగించు, ఇంటికి ఇంకా మూడు కిలోమీటర్లే ఉంది."