పిడి లేని కప్పు గుర్తు

పాడుబడ్డ కోటలో, పడమటి బురుజు నీడన ఇద్దరున్నారు: కోట చూపించే గైడు, ఆ బురుజుకి మరమ్మతు చేస్తున్న ఆమె మరిది. నెల తర్వాత ఆమె పనిలోకి రావడం ఇవాళే.

"ఈ బురుజు వదిలెయ్ వదినా. గుంపును అటునుంచి అటే గేటుకి తీసుకెళ్ళిపో."

"బురుజు లేకుండా ఏం చూపిస్తాను? మిగిలినవన్నీ మొండిగోడలేగా."

"ఇవాళ ఒక్కరోజు."

"రేపు మాత్రం ఇక్కడ ఉండదా?"

"అది కాదు..."

"తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నట్టే ఉంది."

"ఒక్కసారైనా ఏడవకపోతే ఎలా వదినా? అమ్మ భయపడుతోంది."

"రావట్లేదయ్యా. వస్తే ఏడవనా? పొద్దున అలవాటుగా ఇద్దరికీ టీ పెట్టాను. రెండు కప్పులూ నేనే తాగాను. అంతే. అదిగో, పైన కిటికీ పక్కన రాయి, నేనెప్పుడూ చూడనిది. అదేనా?"

"ఏది?"

"మీ అన్నయ్య చెక్కిందేనా అని."

"ఆఁ. అదే. ఆ రాయి ఎక్కించబోతూనే కదా, పరంజా మీద కాలు జారింది. మొన్న నేను ఎక్కించాను."

"తిప్పి పెట్టావు."

"ఏంటి?"

"కొత్త రాయికి మేస్త్రీ గుర్తు లోపలి వైపు ఉండాలి. బయటికుంది. పిడి లేని కప్పు. ఇక్కడికి కనిపిస్తోంది."

"కనిపిస్తోందా? పొరపాటున..."

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పొరపాటున పెట్టావా?"

"లేదు."

"పిడి ఏదయ్యా అంటే, అది రేపటి పని అనేవాడు."

"అనేవాడు. లోపలికి పెట్టి సున్నం కొట్టేస్తే ఇంకెవరికీ కనబడదు కదా అనుకున్నాను. చేతులు రాలేదు వదినా."

"ఇంజనీరుగారు చూస్తే?"

"రేపొస్తాడు. కొత్త రాయి అని తెలిస్తే పీకించి లోపలికి తిప్పించేస్తాడు. అందుకే మట్టినీళ్ళు పూశాను, పాతవాటిలో కలిసిపోయింది. నువ్వు కోట కట్టినప్పటిదని చెప్పు చాలు. పాత గుర్తులన్నీ నీకు కంఠతా, ఆయన నిన్నే అడుగుతాడు."

"అబద్ధం చెప్పమంటావు."

"ఒక్కటే. అన్నయ్య గుర్తు అలాగే ఉండిపోతుంది."

"కోట కట్టినప్పటిదంటే ఇంకెవరిదో అవుతుంది కదయ్యా."

"రాయి ఉంటుంది కదా!"

"మీ అన్నయ్యా అబద్ధం చెప్పమనేవాడు. 'ఏం కోటే ఇది, శత్రువొస్తే తలుపు తీసి కూర్చున్నారట. నీ కథలో ఒక్కణ్ణయినా చంపవే, జనం సరదా పడతారు' అని."

"నువ్వు చంపలేదు."

"చంపలేదు. గుంపు వస్తోంది, పైకెళ్ళు."

"చెప్తావుగా?"

"వెళ్ళవయ్యా. నడుముకి తాడు కట్టుకో."

"అదే కట్టుకుంటున్నా."

"రండి, అందరూ ఇలా నీడలోకి రండి. ఇది పడమటి బురుజు. మొదట్లో చెప్పానుగా, ఈ కోట యుద్ధంలో కూలలేదు. కోట దొరే శత్రువుకి తలుపులు తీసేశాడు. వానలకి కొంత పోయింది, ఇళ్ళు కట్టుకోవడానికి జనం మోసుకుపోయింది కొంత. ఇక్కడ ఎవరూ చనిపోలేదు."

"గైడుగారూ, ఆ కిటికీ పక్కన గిన్నెలా ఏదో చెక్కి ఉంది, ఏంటండీ అది?"

"కప్పు బొమ్మండీ. రాయి చెక్కిన మేస్త్రీ గుర్తు."

"పిడి లేదేం?"

"రేపు పెడదామనుకున్నాడు."

"భలే! అతని కథ కూడా తెలుసా మీకు?"

"కొంచెం తెలుసు. పొద్దున్నే టీ పడందే సుత్తి పట్టేవాడు కాదు. ఆ రాయి ఎక్కించబోతూ అక్కణ్ణుంచే పడిపోయాడు."

"అయ్యో! ఎవరూ చనిపోలేదన్నారు?"

"అన్నాను. అలవాటు."

"పాపం. ఎన్ని వందల ఏళ్ళయిందండీ?"

"వదినా! వద్దు వదినా, ఆ రాయి తీసేస్తారు!"

"పోయిన నెలండీ. మా ఆయన."