రెండు బొట్ల బ్యాటరీ

దసరా తెల్లారి దేవరుప్పుల ఊర్ల కొండల్ కారు లేవలేదు. పండుగ నాడు జమ్మికాడికి పోయి, నాలుగు తలుపులు తెరిచిపెట్టి, పెద్ద లైట్లు ఏసి, పొద్దుగూకేదాక పాటలు పెట్టిండు. బ్యాటరీ మొత్తం దిగిపోయింది.

ఇంకో రోజైతే ఎవలు పట్టించుకోకపోదురు. కని ఆ రోజు కొండల్ తల్లి సత్యమ్మ కాలుకు సిమెంటు పట్టి ఇప్పే రోజు. బాయికాడ జారిపడి కాలు ఇరిగి నలభై ఐదు రోజులైంది. కాలు మడువరాదు, ఆటోల పట్టది, బస్సు ఎక్కరాదు. కారు వెనుక సీటుల అడ్డం కూసోబెట్టి జనగామ దవాఖానకు తీస్కపోవాలె. డాక్టర్ నాలుగింటి దాకనే ఉంటడు, మల్ల వారం రోజులు దొరకడు. సత్యమ్మ బతుకమ్మకు గూడ కుర్చీల కూసోని చప్పట్లు కొట్టింది. పట్టి లోపల దురద పెడితె చీపురుపుల్ల దూర్చి గోక్కునుడే.

ఇంట్ల చార్జర్ డబ్బా ఉంది. బ్యాటరీ కారును లేపేటంత నిండాలంటె నాలుగైదు గంటలు పడ్తది. కొండల్ ఎనిమిదింటికే బ్యాటరీ ఊడదీసి అరుగు మీద పెట్టిండు. తొమ్మిదైంది. ఎర్ర క్లిప్పు కుడిచేతుల, నల్ల క్లిప్పు ఎడమచేతుల పట్టుకొని ఇంక నిలబడే ఉన్నడు.

ఆయన భార్య శకుంతల దర్వాజ వెనుక చిక్కుడుకాయ తుంచుకుంట గడియారం దిక్కు చూస్తాంది. ఈ డబ్బా కొన్ననాడు షాపాయన చెప్పిందంత ఆమె మనసుల పెట్టుకుంది. కొండల్ అప్పుడు షాపాయనకే ఏదో ముచ్చట చెప్పుకుంట ఉండె. కని శకుంతల మొగోళ్ల ముందట మాట్లాడది. వాళ్లుంటె అరుగు మీదికి గూడ రాదు.

పక్కింటి పెద్దులు మోటర్‌సైకిల్ ఆపిండు. "కొండలన్నా, జనగామ పోతున్న. బ్యాటరీ ఇయ్యరాదే, షాపుల చార్జింగ్ పెట్టిచ్చుకొస్త."

కొండల్ పెద్దగ నవ్విండు. "నా ఇంట్ల బ్యాటరీ షాపుకు పోవుడేందిరా! మొన్న ఎండకాలం లింగాల ఘనపూర్ల మా బామ్మర్ది కారు గిట్లనే పడుకుంటె నేనే లేపిన. గాలి ఆడేకాడ పెట్టిన, పొయ్యి దగ్గర పెట్టొద్దు, ముందుగాల స్విచ్ బంద్ ఉండాలె, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి, ఆకర్న స్విచ్. గంతే. గంటల ఫుల్లు."

గంట అన్నది ఒక్కటే అబద్ధం అనుకుంది శకుంతల. ఇంకోటి గూడ ఉంది. ఆ నాడు ఆ పని చేసింది ఆమె తమ్ముడు గణపతి, కొండల్ మంచంల కునుకు తీసిండు. పోనీ, మాటలైతె సక్కగనే ఉన్నయి, ఇగ క్లిప్పులు పెడ్తడు.

కొండల్ బ్యాటరీ మీదికి వంగిండు. అటు చూసిండు, ఇటు చూసిండు. మల్ల లేసి నిలబడ్డడు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

శకుంతల చేతుల చిక్కుడుకాయ ఆడనే ఆగింది. తండాకెల్లి పాలు పోయనీకొచ్చిన లచ్చిరాం క్యాన్ దించి కూసున్నడు. పెద్దులు బండి బంద్ చేసిండు.

"ఫుల్లయినంక గూడ కరెంటు ఆగకపాయె! ఎక్కుతనే ఉంది, ఎక్కుతనే ఉంది, పాలు పొంగినట్టు మూతలు లేపుకొని పొంగి, అరుగు మీదికెల్లి నీలం రంగుల సన్నగ కారి మోరీ కాలువల వడ్డది. ఆ మోరీల మా బామ్మర్ది బర్రె కాలు పెట్టింది. దాన్ని పిండితె ఏమొచ్చినయో చెప్పు లచ్చిరాం, నువ్వు పాలోనివి గద."

"పాలే వస్తయి."

"కాగిన పాలు! పొగలు కక్కుకుంట, మీద గింత మందం మీగడ!"

"చక్కెర, చాపత్త గూడ ఏసి ఇయ్యకపాయెనా అన్నా?" అన్నడు పెద్దులు.

"చాపత్త యాడ మేస్తదిరా? చెరుకైతె మేసి ఉండె, తియ్యగనే ఉన్నయి," అన్నడు కొండల్, రెప్ప గూడ కొట్టకుంట.

తొమ్మిదిన్నరైంది. "కొడుకా, జర ఆ క్లిప్పులు పెట్టి చెప్పుకోరాదు," అన్నది సత్యమ్మ అరుగు మూలకు ఏసిన మంచంలకెల్లి, చీపురుపుల్ల తిప్పుకుంట.

"ఆగే అవ్వా, అసలు ముచ్చట ఇప్పుడే వస్తాంది. ఆ మోరీ పోయి వాగుల కలిసింది. ఘనపూర్ల ఎన్ని బాయిలున్నయో అన్ని మోటర్లు స్విచ్ వెయ్యకుంటనే షురువైనయి. నీళ్లు అయిపోయినయి. మోటర్లు ఆగాలె గద? ఆగలే! మన్ను గుంజినయి, రాళ్లు గుంజినయి, ఒక బాయిలకెల్లి యాభై ఏండ్ల కింద పడ్డ ఇత్తడి బిందె ఎగిరొచ్చి ఒక ముసలమ్మ చంకల కూసుంది."

"ముసలమ్మ ఏమన్నదే?" అన్నడు పెద్దులు.

"ఏమంటది, సొట్ట ఎందుకు పడ్డదని నన్నే తిట్టింది. అంతట్ల ఫోను. చెల్పూర్ కరెంటు కార్ఖానకెల్లి! 'సారూ, మీరు ఎవలో గని దండం పెడ్తం. ఘనపూర్ దిక్కుకెల్లి కరెంటు మా మీదికి వాపస్ వస్తాంది. చక్రాలు ఎనుకకు తిరుగుతున్నయి. పొగంత గొట్టంలకు మల్ల దిగుతాంది. బూడిద బొగ్గయి, బొగ్గు లారీలల్ల ఎక్కి గనికి పోయి పండుకుంటాంది. జర ఆపుండ్రి' అని ఏడుపు."

"మరెట్ల ఆపినవే?" అన్నడు లచ్చిరాం.

"ఎట్లేంది? మిగిలిన కరెంటంత నా పెయిల గుంజుకున్న. మూడు రోజులు నేను నడిస్తె వీధిలైట్లు ఎలిగినయి, దాటిపోతె ఆరినయి. ట్రాన్స్‌ఫారం నన్ను చూసి తల వంచింది. నేను ముట్టుకుంటె ఎవని ఫోనైనా నూటికి నూరు!"

పెద్దులు జేబులకెల్లి ఫోను తీసిండు. "నాది ఎనిమిది మీదుంది. ముట్టుకోరాదే."

"అది ఎండకాలం మాట. ఇప్పుడు దిగింది," అన్నడు కొండల్.

లచ్చిరాం నవ్వుకుంట బీడీ నోట్ల పెట్టి అగ్గిపెట్టె తీసిండు. దర్వాజ వెనుకకెల్లి శకుంతల గొంతు తనకు తెల్వకుంటనే బయటికొచ్చింది.

"అన్నా, అగ్గి గీకకు! చార్జింగ్ పెడ్తె బ్యాటరీకెల్లి గ్యాసు వస్తది, నిప్పురవ్వ తగిలితె పేలుతది!"

లచ్చిరాం అగ్గిపుల్ల ఎనుకకు తీసుకున్నడు. బ్యాటరీ దిక్కు చూసిండు. కొండల్ చేతుల దిక్కు చూసిండు.

"చెల్లే, చార్జింగ్ ఇంక పెట్టనే లేదు గద?"

అందరు కొండల్ చేతులల్ల ఉన్న ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు చూసిన్రు.

"ఎర్రది ఎర్రదానికి అన్నవ్ గద కొడుకా," అన్నది సత్యమ్మ. "పెట్టు మరి, చూస్త."

కొండల్ వంగిండు. క్లిప్పులు పెట్టే బొడిపెలు రెండు మార్చి మార్చి చూసిండు. ఆకరికి మెల్లగ అన్నడు, "రెండు ఎర్రగనే ఉన్నయే అవ్వా."

పెద్దులు, లచ్చిరాం గూడ వంగి చూసిన్రు. పండుగ నాడు బండి పూజల కొండలే, "కారుకు పానం గిదే" అని, బ్యాటరీకి దోసెడు పసుపు పూసి, రెండు బొడిపెలకు కుంకుమ నిండ పెట్టిండు. ప్లస్సు, మైనస్సు రెండు పసుపు కింద మునిగినయి. ఎర్ర మూత ఎన్నడో పోయింది.

"చెల్పూర్ పొగను గొట్టంల దించినోనివి, గింత పసుపు తుడుసుడు చేతగాలేదారా!" అన్నది సత్యమ్మ.

కొండల్ తల దించుకున్నడు. "పండుగ తెల్లారే బొట్టు ఎట్ల తుడువాలెనే? అసలే నీ కాలు బాగలేదు. ఏమన్న కీడైతదని..."

శకుంతల పొడిబట్ట పట్టుకొని మొదటిసారి అరుగు మీదికొచ్చింది. "తుడిచి మల్ల పెడ్త అత్తమ్మా. ఏం గాదు." పసుపు తుడిచింది. లావుగున్న బొడిపె పక్కన ప్లస్ గుర్తు తేలింది. డబ్బా స్విచ్ బంద్ ఉందో లేదో చూసింది. ఎర్రది దానికి, నల్లది రెండోదానికి పెట్టి, అప్పుడు స్విచ్ ఏసింది. డబ్బా మీద సూది తటుక్కున లేసింది.

"నేను గదే చెప్పబోతున్న..." అన్నడు కొండల్.

"చెప్పకు! నువ్వు నోరు మూస్తెనే సూది లేసింది," అన్నది సత్యమ్మ.

లచ్చిరాం నవ్వి నవ్వి పాల క్యాన్ మీద పడ్డడు.

రెండున్నరకు శకుంతల స్విచ్ బంద్ చేసి క్లిప్పులు తీసింది. బ్యాటరీ కారుల ఎక్కించే ముందు, అన్నమాట ప్రకారం ప్లస్ పక్కన కుంకుమ బొట్టు పెట్టింది. మైనస్ పక్కన మాత్రం కాటుక చుక్క పెట్టింది.

"కాటుకెందుకే?" అన్నడు కొండల్.

"దిష్టిచుక్క. నీ ముచ్చట్లు దానికి తగులకుంట," అన్నది శకుంతల. పెద్దులు అక్కడనే ఉన్నడు, అయినా ఆమె దర్వాజ వెనుకకు పోలేదు.

కారు ఒక్క తిప్పుడుకే లేసింది. వెనుక సీటుల కాలు చాపుకొని కూసున్న సత్యమ్మ కిటికీ దించి, చీపురుపుల్లను బయటికి ఇసిరేసింది.