మంచం కింద ఫ్యాను

హలో… ఆ, నేనే పెద్దమ్మా. మీ వీధి మలుపులో ఉన్నా. కమిటీవాళ్లు కారు పెట్టే చోటు వెతుక్కుంటుంటే నేను ముందు దిగి నడిచొస్తున్నా…

ముగ్గురే… ఏమీ వండొద్దు. ఫ్యాను ఎక్కడుంది, అది చెప్పు.

…మంచం కిందా?

…దుప్పటి కప్పి మరీ…

అయ్యో పెద్దమ్మా, వాళ్లొచ్చేది దాన్ని చూడ్డానికే… నిజమే, ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే పాతవన్నీ దాచేస్తావు, నేనే విడమరచి చెప్పాల్సింది. మరి బల్లమీద ఇప్పుడేం పెట్టావు?

పక్కింటివాళ్ల కొత్త ఫ్యానా… దానిమీద పేరేముందో చదువు…

బాగుంది. మాతో పోటీకి దిగిన కంపెనీదే తెచ్చావు.

నవ్వకు… నాకూ నవ్వొస్తోంది, కానీ విను. భూమికి చేటు చెయ్యకుండా సరుకు తయారుచేసే కంపెనీల్లో ఎవరు ముందున్నారో తేల్చి బహుమతి ఇచ్చేది వీళ్లే. మా ఫ్యాన్ల కంపెనీవాళ్లు మొక్కలు నాటిన ఫోటోలు చూపించారు, మేడమీద సోలార్ ప్యానెళ్లు చూపించారు. అవి అందరూ చూపిస్తున్నారట. కమిటీలో పెద్దావిడ ఒక్కటే అడిగింది — మీరు చేసిన పాత ఫ్యాను పారెయ్యకుండా, బాగుచేయించుకుని ఇంకా వాడుతున్న ఇల్లు ఒక్కటి చూపించండి అని…

మా మేనేజరా? ఆయనింట్లో అన్నీ ఏసీలే. అందరూ నేలచూపులు చూస్తుంటే నేను చెయ్యెత్తాను. మా పెద్దమ్మ దగ్గరుంది, నేను పుట్టకముందు కొన్నది, పాడైనప్పుడల్లా మన కంపెనీయే విడిభాగాలిచ్చి బాగుచేసింది అని… ఇప్పుడది తిరగకపోతే రేపు ఆఫీసులో నేను తలెత్తుకోలేను.

…అందం ఎవరికి కావాలి? ఒక రెక్క పచ్చగా, రెండు తెల్లగా ఉంటేనే కదా మార్చినట్టు తెలిసేది. మీట ఊడితే నువ్వు పెట్టిన దారపు రీలు కూడా తియ్యకు.

లాగావా?… మెల్లిగా, నడుం జాగ్రత్త. ప్లగ్గు పెట్టు…

…తిరగడం లేదా?

నెత్తిమీద ఒక్కటి వెయ్యి, ఎప్పుడూ వేసేదే కదా… అలా నిమిరితే ఎలా? చిన్నప్పుడు నాకు వేసినట్టు వెయ్యి.

…

పెద్దమ్మా?

…ఏమిటీ? ఆ గరగరలో నీ మాట వినబడ్డం లేదు… ఆ పక్కింటిదాన్ని మంచం కిందకి తొయ్యి. అదే దుప్పటి కప్పెయ్యి…

ఆ, ఇటే అండీ, నీలం తలుపు… ఆ చప్పుడా? అదేనండీ మా ఫ్యాను.

పెద్దమ్మా, ఇక ఫోనెందుకు, వీధిలోకే వినబడుతోంది. తలుపు తియ్యి.