వీధి అరుగు మీద గంట

రాజమండ్రిలో ఒక డాక్టరుగారి గది. పైన మేడ మీదే ఆయన కాపురం. 2006 ఆషాఢం, పొద్దున్నే ముసురు. లోవలక్ష్మిని ఆమె తోటికోడలు రత్నమాణిక్యం తీసుకొచ్చింది.

“మళ్ళీ మీరే చెబుతున్నారు రత్నమాణిక్యంగారూ. ఆవిణ్ణి చెప్పనివ్వండి.”

“అది చెప్పదండీ. ముసురు పట్టిందంటే తినదు, లేవదు, మాటాడదు. పోయినేడు ఇదే ఆషాఢంలో కాలవలోకి దిగిపోతుంటే రేవులో వాళ్ళు పట్టుకొచ్చారు.”

“లోవలక్ష్మిగారూ, ఎండాకాలంలో ఎలా ఉంటారు?”

“బాగుంటానండి. మేడ మీద అప్పడాలు ఎండబెడతాను. పొద్దస్తమానం అక్కడే.”

“వానల్లో?”

“వెనక గదండి.”

“కిటికీ ఉందా?”

“ఉంది గానండి, బస్తాలు అడ్డం.”

“ఏదో మాత్ర రాసెయ్యండి డాక్టరుగారూ, మాకు బస్సు...”

“మాత్ర ఒక్కటే చాలదమ్మా. నేను చేసేది ఫంక్షనల్ మెడిసిన్. జబ్బు ఎక్కడ మొదలైందో అక్కడ పట్టుకోవాలి. రక్తపరీక్షలో డి విటమిన్ కాస్త తక్కువ వచ్చింది, దానికి చుక్కలిస్తాను. అసలు కావలసింది వెలుతురు. రోజూ ఆరున్నరకి వీధి అరుగు మీద గంట కూర్చోవాలి. ముసురైనా సరే.”

“వీధి అరుగా? పెరట్లో కూర్చుంటుంది లెండి.”

“పెరడు పడమరన్నారు ఇందాక. పొద్దుటి వెలుతురు అక్కడ పడదు.”

“అంటే... ఆ వేళకే మా ఆయన కొట్టుకి బయల్దేరతారండి. పిల్లలు స్కూలుకి...”

“అయితే?”

“అయితే ఏంటండీ, మీకు తెలీదా? మొగుడు పోయిన మనిషి ఎదురుగా...”

“అదీ మూలం! రక్తంలో కాదు, మీ గుమ్మంలో ఉంది. ఈ రోజుల్లో కూడా ఏంటమ్మా ఇది?”

“అక్కా, విన్నావా?”

“విన్నాన్లే.”

“కాగితం మీద రాసిస్తాను. రత్నమాణిక్యంగారూ, మీ ఆయనకి చూపించండి.”

“పెద్దక్షరాలతో రాయండి డాక్టరుగారూ. రాత్రిబడిలో చదవడం నేర్చుకున్నా. రోజూ చదువుకుంటా.”

“భేష్! ఇదిగో... ఉండండి, మేడ మీంచి ఫోను. ఆఁ. ఆఁ. బయల్దేరుతున్నాడా? సరే, ఆపుతాలే... లోవలక్ష్మిగారూ, లేవకండి, కూర్చోండి. మా వాడికి ఇవాళ మెడికల్ కాలేజీ కౌన్సెలింగ్. వాడి కారు గేటు దాటాక వెళ్దురు గాని.”

“అలాగేనండి.”

“నాకేం పట్టింపు లేదమ్మా. మా ఆవిడే కాస్త...”

“నా కాగితంలో ఇంకో మాట రాయండి డాక్టరుగారూ. అరుగు మీద గంట అని రాశారు కదా, దాని పక్కనే, ఎవరూ బయల్దేరని వేళ అని.”