పది నిమిషాల పాత అంకె

మధ్యాహ్నం, ఆసుపత్రిలో పరీక్ష గది. బస్సు నడిపే తమ్ముడి నడుముకు ఇన్సులిన్ పంపు ఉంది. అది ఎప్పుడు ఎంత మందు వదలాలో లెక్కకట్టిన అక్క తెర ముందు కూర్చుంది.

“ఎంతుందక్కా?”

“డెబ్బై ఎనిమిది. కదలకు.”

“ఇందాక తొంభై అన్నావు.”

“ఆగుతుందిలే. షుగర్ పడిపోతోందని తెలియగానే పంపు తనే మందు ఆపేస్తుంది. నువ్వు బ్రేకు వేసినట్టు.”

“నేను గుంత కనపడగానే వేస్తాను. గుంతలో పడ్డాక కాదు.”

“మాట్లాడకు.”

“చేతులు వణుకుతున్నాయక్కా.”

“అరవై ఆరు… పంపు ఆపేశాను. ఇదిగో, గ్లూకోజు నీళ్లు.”

“తాగితే పరీక్ష పోతుందిగా?”

“ముందు తాగరా!”

“తాగాను. ఇప్పుడు?”

“యాభై తొమ్మిది. కంగారుపడకు. చర్మం కింద సెన్సర్ చూపించేది పది నిమిషాల కిందటి సంగతి. రక్తంలో ఈపాటికి… పది నిమిషాలు…”

“ఏంటి?”

“పాత అంకె చూసి పంపు ఇంకా మందు వదిలిందేమో. ఆ ఆలస్యాన్ని నేను లెక్కలో తక్కువ వేశానేమో.”

“అంటే నీ లెక్క తప్పా?”

“తెలీదు.”

“రేపు ముగ్గురు పిల్లలకి ఈ పంపు పెట్టాలన్నావు.”

“తెలుసు.”

“ఆరేళ్ల కష్టం.”

“తెలుసురా! కాసేపు ఆలోచించుకోనీ.”

“అక్కా… పావుగంటగా ఆలోచిస్తున్నావు. ఒకటి చెప్తాను, తిట్టకు.”

“ఏంటి?”

“పొద్దున నేను సూది వేసుకున్నాను.”

“ఏంటీ?”

“రోజూ వేసుకునేదే. పంపు పని చెయ్యదేమోనని భయమేసింది.”

“ఎన్ని యూనిట్లు?”

“ఎనిమిది. కాదు, పది.”

“ఎక్కడ?”

“బాత్రూములో.”

“ఒంట్లో ఎక్కడ అని!”

“తొడకి. ఇంకేం, నీ లెక్క బంగారం. తప్పు నాది. అలాగే రాసెయ్. రేపు పిల్లలకి పెట్టేయొచ్చు.”

“నన్ను చూసి చెప్పు.”

“అదిగో, అరవై ఎనిమిది! పెరుగుతోంది.”

“తెరని కాదు. నన్ను చూడు.”

“వేసుకున్నానన్నానా లేదా? ఒట్టు.”

“ఎవరి మీద?”

“…నీ మీదే.”

“ఆ ఫోను ఇలా ఇవ్వు.”

“ఎవరికి?”

“పిల్లల వార్డుకి. రేపటి పరీక్ష ఆపేస్తున్నానని చెప్పాలి.”

“పిచ్చా నీకు? తప్పు నాదేనని ఒప్పుకున్నాక కూడానా!”

“నువ్వు భయపడి వేసుకుంటావేమోనని, పొద్దున నువ్వు లేవకముందే నీ సూదిమందంతా తీసి నా సంచిలో దాచానురా.”