పెద్దచోటులో టూత్‌పేస్ట్

సోన్‌కుల్ సరస్సు ఒడ్డున స్కౌట్ పిల్లలు ప్రమాణానికి బారులు తీరారు. అతిథిగా వచ్చి వాళ్ల మెడలో కండువాలు కడుతున్న ముసలాయన మీసాలకు తెల్లటి పూత ఇంకా వదల్లేదు. దాన్ని చూసి వరుసలో ఒక కుర్రవాడు ముందున్న స్నేహితుడి వెనక్కి నక్కాడు.

"ఒరేయ్, రాత్రి చీకట్లో నువ్వు టూత్‌పేస్ట్ పూసింది మన స్కౌట్ మాస్టారికి కాదు, ఆయనకి!" అన్నాడు స్నేహితుడు.

"గుడారంలో గుమ్మానికెదురు చోటు మాస్టారిదే కదరా!"

"అతిథి వస్తే ఆ పెద్దచోటు అతిథికే. మీ ఇంట్లో ఇవ్వరూ?"

"ఇస్తాం. టూత్‌పేస్ట్ చేతిలో ఉంటే అవన్నీ గుర్తొస్తాయా? తెలిస్తే కండువా లేకుండా ఇంటికి పంపేస్తారురా."

"నీ వంతే, నడు."

అతను వెళ్లి, మెడలో కండువాతో తిరిగొచ్చాడు.

"చెవిలో ఏమన్నారు?"

"స్కౌట్ పద్ధతిలో ఎడమచెయ్యి కలిపారా, నా వేళ్ల పుదీనా వాసన పట్టేశారు."

"చచ్చావ్!"

"'మా రోజుల్లో పేస్ట్ పూశామంటే చెవులు కూడా వదిలేవాళ్లం కాదు నాయనా' అన్నారు."