ఏడుగురు తొడుక్కున్న గౌను

ఉదయం ఆరూ నలభైకి కడగొట్టు కూతురు టీ కొట్టు దగ్గర ఆగి, తన పాప చెంచా మీద మరిగే నీళ్ళు పోయించుకుంది. పాపకి పదకొండు నెలలు. ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి వెళ్తూ పాపని నాన్నకి అప్పగించడం రోజూ ఉన్నదే. ఆ వేళకి ఆయన ఇంటి ఎదురుగా ఉన్న ఈ టీ కొట్టు బెంచీ మీదే ఉంటాడు.

"ఇంకోసారి పొయ్యన్నా," అంది టీ కొట్టాయనతో.

నలభై ఏళ్ళు టైలరు పని చేసి, చూపు మందగించి మానేసిన నాన్న ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు అందుకున్నాడు.

"తొలిచూలు మోజు! మీ పెద్దక్కప్పుడు నేనూ ఇంతే. చెంచా మూడుసార్లు మరగబెట్టాల్సిందే. అది నిద్రపోతే ఊపిరాడుతోందో లేదోనని ముక్కు దగ్గర దారప్పోగు పట్టి చూసేవాణ్ణి. పోగు కదిలితే గానీ నాకు ఊపిరాడేది కాదు."

"అది నిజమే, నేను చూశా," అన్నాడు పక్కనే కూర్చున్న చెప్పులు కుట్టే ఆయన.

"రెండోవాడికి ఒక్కసారి మరగబెట్టా. మూడోదానికి చన్నీళ్ళతో సరి. నాలుగోవాడు బిస్కెట్టు మట్టిలో పడేస్తే ఉఫ్ అని ఊది ఇచ్చా. ఐదోవాడు వాడే ఊదుకున్నాడు. ఆరోది పడేస్తే ఏమైందో తెలుసా? బిస్కెట్టే లేచి, ఒళ్ళు దులుపుకుని, దాని నోట్లోకి నడిచెళ్ళింది!"

"మరి ఏడోది?" కడగొట్టుదాని వైపు ఓరగా చూస్తూ టీ కొట్టాయన ఎగదోశాడు.

"ఇదా? దీన్ని మేం పెంచలేదయ్యా, ఇదే మమ్మల్ని పెంచింది. పుట్టగానే నర్సుని చూసి 'నువ్వు కాసేపు కూర్చో, అలిసిపోయావు' అంది. అందుకే అదే ఉద్యోగంలో చేరింది. మెషిను కింద గుడ్డపేలికల్లో పడుకోబెట్టేవాళ్ళమా, పైన రైలింజను మోత మోగుతున్నా కన్ను తెరిస్తే ఒట్టు! పైగా నా కాళ్ళు నొప్పెడితే నిద్రలోనే చేత్తో పెడలు తిప్పేది. ఓ మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి ఏమైందో తెలుసా, పెళ్ళివారి బట్టలు నలభై జతలు కుట్టేసి మడతపెట్టేసి ఉన్నాయి. గుండీలతో సహా!"

"కాజాలు కూడానా?" అన్నాడు చెప్పులాయన.

"కాజాలు ముందే కుట్టేసింది! ఇక బట్టలంటావా, పెద్దదానికి కుట్టిన గౌనే ఏడాది వయసులో మగపిల్లలతో సహా అందరూ తొడుక్కున్నారు. దీని దాకా వచ్చేసరికి ఆ గౌను ఆరితేరిపోయింది. పిల్లని చూసి దానంతటదే పొట్టీ పొడుగూ అయ్యేది. దీని కోసం నేను సూదిలో దారం ఎక్కించి ఎరగను. మూడేళ్ళకే బడికి ఒక్కతే వెళ్ళి, పేరు తనే రాయించుకుని, నా సంతకం తనే పెట్టి, హెడ్మాస్టరుకి రెండు మంచి మాటలు చెప్పి వచ్చింది!"

బెంచీ ఊగేలా నవ్వారు. కడగొట్టుది చెంచా మీది నీళ్ళు వంపేసింది.

"ఐదేళ్ళప్పుడు నాన్నా. ఒక్కదాన్నే వెళ్ళా. ఇవాళ నువ్వు నా గురించి చెప్పినవాటిలో కోత కానిది అదొక్కటే."

టీ కొట్టాయన తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు. నాన్న పాపని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"బస్సొస్తోందమ్మా. వెళ్ళు."

బస్సులో ఆమెకి దారప్పోగే గుర్తొచ్చింది. తన ముక్కు దగ్గర ఎవరైనా, ఒక్కసారైనా, అలా పట్టి చూశారా? ముప్ఫై రెండేళ్ళ మనిషి తండ్రిని అడిగే ప్రశ్న కాదది. మర్నాడూ అడగలేదు. ఆయనా ఆ వారమంతా కోతలు కొయ్యలేదు.

నాలుగు రోజుల తర్వాత పెద్దక్క, పెట్టెలు సర్దుతుంటే దొరికిందని, ఆ గౌను పాప కోసం పంపింది. పాపకి కాస్త పొట్టిగా అయింది. అంచు విప్పుదామని తిరగేస్తే లోపల వరసగా ఆరు పాత కుట్లు, ఒక్కో బిడ్డకీ ఒకటి, విప్పేసినా మెషిను సూది గుర్తులు పోలేదు. ఏడోది మాత్రం ఇంకా దారంతోనే ఉంది. చేతికుట్టు. బియ్యపు గింజలంత సమంగా ఉంది.

ఫోను చేసి అడిగింది. "గౌనుకి నా వంతు కుట్టు, నాన్న మెషిను పెట్టుకుని చేత్తో ఎందుకు కుట్టాడక్కా?"

"నువ్వు దాని కిందే పడుకునేదానివి కదే," అంది పెద్దక్క. "చీమ చిటుక్కుమన్నా లేచి ఏడ్చేదానివి. నువ్వు నిద్రలో ఉన్నంతసేపూ నాన్న మెషిను ముట్టుకునేవాడు కాదు. ఆ ఏడాది కొట్లో సగం బట్టలు చేతికుట్టే."